పుట్టింటికి పంపిన తోలు

సోమవారం. సముద్రం పోటు.

తోలు గది తెరిచాను. మనిషి తోలు పెంచే అమ్మతొట్టి మూత మీద చెయ్యి వేసి చూశాను. వెచ్చగానే ఉంది. రోజూ మొదటి పని అదే. వేడి ఎంతుందో చెప్పే యంత్రం గోడకి ఉంది గానీ, దాని మాట నేను నమ్మను. నా అరచేతినే నమ్ముతాను.

ఈ దినచర్య పైవాళ్ళు చదువుతారట. చదివితే సంతోషం, చదవకపోతే నాకేం పోయింది. నా పేరు నూకరత్నం. ఉప్పుకట్ట ఊళ్ళోకి ఏ కొత్త రసాయనం వచ్చినా ముందు ఈ గదికే రావాలి. అది మనిషి చర్మాన్ని మండిస్తుందా, కాల్చేస్తుందా, ఏమీ చెయ్యదా అని తేల్చి సంతకం పెట్టేదాన్ని నేనే. నా సంతకం లేకుండా డబ్బా మూత తీస్తే ఉద్యోగం ఊడుతుంది.

ఇవాళ ఎనిమిదో నంబరు వచ్చింది. నీలం డబ్బా, వాసన లేదు. వాసన లేనివంటేనే నాకు భయం. సముద్రపు నీళ్ళని తాగే నీళ్ళు చేసే గొట్టాల్లో గార పేరుకుపోయి ఊరికొచ్చే నీళ్ళు సగానికి పడిపోయాయి. ఏడో నంబరు పోసి ఎంత రుద్దినా గార ఊడటం లేదు. ఆ గొట్టాల్లోకి దూరేవి ఆడవాళ్ళ చేతులు, భుజాల దాకా, ఒట్టి చేతులు. రబ్బరు చెట్లు చచ్చిపోయాక చేతి తొడుగులన్న మాట మా అమ్మమ్మ నోట విన్నదే తప్ప కళ్ళతో చూసిన పాపాన పోలేదు.

వచ్చే సోమవారం మొదటి జట్టు ఎనిమిదో నంబరుతో పనిలోకి దిగాలట. ఆ జట్టులో అందరికంటే ముందు నిలబడేది మా చెల్లెలు దాలమ్మ. రెండేళ్ళ కిందట ఒకసారి దాని చేతులు కాలాయి. మణికట్టు పైదాకా పోయిన తోలుకి బదులు ఇదే అమ్మతొట్టిలో పెరిగిన తోలు అతికించారు. ఆస్పత్రి వాళ్ళ కాళ్ళావేళ్ళా పడి ఒప్పించింది నేనే. ఇంకొకసారి అలాంటిది చూడటం నావల్ల కాదు.

పరీక్ష మొదలుపెట్టాను. తొట్టిలోంచి తీసిన తోలుని గాజు పళ్ళేల్లో పలచగా పెంచుతాం. పెనం మీద పిండి పరిచినట్టే ఉంటుంది కాబట్టి మేం వాటిని అట్లు అంటాం. ఒక అట్టు మీద ఎనిమిదో నంబరు వేశాను. పక్కన ఇద్దరు సాక్షులు. మంచి సాక్షి మీద మంచినీళ్ళు, అది బతకాలి. చెడ్డ సాక్షి మీద ఘాటు క్షారం, అది చావాలి. ఆ రెండూ నిజం చెబితేనే మూడోదాని మాట వినాలి.

బుధవారం. సముద్రం పాటు.

అట్లని సగానికి కోసి, ఒక్కొక్క సగాన్నీ పసుప్పచ్చ రంగు నీళ్ళలో ముంచాను. తోలు బతికుంటే రంగు వంకాయ రంగుకి తిరుగుతుంది. చచ్చిపోతే పసుపు పసుపుగానే ఉంటుంది.

ఎనిమిదో నంబరు అట్టు చక్కగా వంకాయ రంగుకి తిరిగింది. అమ్మయ్య అనుకున్నాను. ఆ తర్వాత చెడ్డ సాక్షి వైపు చూశాను. అదీ వంకాయ రంగే. మంచి సాక్షి వైపు చూడను కూడా చూడలేదు, అది బతికే ఉంటుందని ధీమా.

క్షారం పాతబడి నీరుగారిపోయి ఉంటుంది. స్టోరు వాళ్ళకి కబురుపెట్టి నోటికొచ్చినట్టు తిట్టాను. కొత్త సీసా పంపుతామన్నారు. పంపేదాకా నాకు నమ్మకం లేదు, వాళ్ళ రేపు ఎప్పుడూ ఎల్లుండే.

రంగులో ముంచని సగాలని మామూలుగానే పుట్టింటికి పంపాను. పైవాళ్ళకి ఈ సంగతి తెలియకపోవచ్చు. రూలు ప్రకారం రెండు సగాలనీ పొయ్యిలో వెయ్యాలి. నాకంటే ముందు ఈ గది చూసుకున్న సన్యాసమ్మ పెద్దమ్మ ఆ పని చెయ్యలేకపోయేది. "అంత మంటకి ఓర్చుకొని బయటపడ్డ పిల్లని మళ్ళీ నిప్పుల్లోకి తోస్తావేటే? పుట్టింటికి పంపు, కొన్నాళ్ళు కుదుటపడతాది," అనేది. బతికిన సగాన్ని మళ్ళీ అమ్మతొట్టిలోకి వదిలేది, అది తల్లి తోలుకి అతుక్కుని పెరిగేది. నేనూ అదే నేర్చుకున్నాను. చచ్చినవాటికే పొయ్యి. కొత్త కణాలు తెప్పించే పని తప్పుతుంది కాబట్టి పై అధికారి జోగినాయుడు గారు చూసీ చూడనట్టు ఊరుకుంటారు. ఈ గదిలో నాకు నచ్చిన పని ఏదైనా ఉందంటే అదే.

శుక్రవారం. పోటు.

నిన్న కొత్త క్షారం సీసా వచ్చింది. ఈసారి మోసపోదలచుకోలేదు. నా తలవెంట్రుక ఒకటి పీకి అందులో వేశాను. కాసేపటికి జిగురై కరిగిపోయింది. ఇంక దాని ఘాటుకి వంక పెట్టడానికి లేదు.

నిన్ననే మళ్ళీ మూడు అట్లూ పెట్టాను. ఇవాళ రంగులో ముంచాను. చెడ్డ సాక్షి వంకాయ రంగు. వెంట్రుకని కరిగించిన క్షారం పలచటి తోలు పొరని ఏమీ చెయ్యలేదు.

మంచి సాక్షి, ఒట్టి మంచినీళ్ళు పోసినది, పసుప్పచ్చగా ఉండిపోయింది.

పళ్ళెం తిప్పి చూశాను. పేర్లు తారుమారు చేశానేమో అనుకున్నాను. చెయ్యలేదు. మళ్ళీ ఇంకో అట్టు తీసి, నేను తాగే చెంబులోంచే నీళ్ళు పోశాను. దాని అంచులు మెల్లగా లోపలికి ముడుచుకోవడం కళ్ళారా చూశాను. ఆ పొరలో నరాలుండవు, రక్తం ఉండదు. అలాంటిదానికి నీళ్ళు తగిలితే ముడుచుకుపోవడమేమిటి? ఆ చెంబులో నీళ్ళు ఇవాళ తాగబుద్ధి కాలేదు.

మధ్యాహ్నం దాలమ్మ అన్నం పట్టుకొచ్చింది. నీళ్ళ కరువులో కూడా భోజనానికి ముందు చేతులు కడుక్కోవడానికి గదికి ఒక చెంబు ఇస్తారు. నేను కడుక్కొని చెంబు దానివైపు జరిపాను.

"నాను కడుక్కునే వచ్చేనప్పా," అంది.

గరిటె ముక్కతో తినడం మొదలుపెట్టింది. దానికి కలుపుకొని తినకపోతే అన్నం సహించేది కాదు. ఈ గరిటె అలవాటు ఎప్పటినుంచో నేను గమనించలేదు. గమనించకపోవడం ఏమిటి, చూసి ఊరుకున్నాను.

"సేతులు సూపించు," అన్నాను.

"ఏటీ నేదప్పా."

"ఉందో నేదో నాను సెప్తాను. సూపించవే."

చూపించింది. మెత్తగా, తెల్లగా, గీత లేకుండా ఉన్నాయి. గొట్టాల్లో గార గోకే చేతులు అలా ఉండకూడదు. ముంజేతి మీద అతుకు అంచు రెండేళ్ళ కిందట మణికట్టుకి నాలుగు వేళ్ళ పైన ఉండేది. ఇప్పుడు మోచేతికి దగ్గరగా ఉంది.

"ఏడో నంబరు మండుతందా?"

"మొదట్లో మండీది. ఇప్పుడు మండదు. అలవాటైపోనాది గావాల." నవ్వింది. "నన్ను సూసే అందరూ దిగుతారప్పా. దాలమ్మకి ఏటీ అవనేదు, మనకేటవుతాదీ అంటారు."

వెళ్ళేటప్పుడు ఎనిమిదో నంబరు డబ్బా పక్కన ఆగి, దాని మీద అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడింది. ఏమే అంటే ఏటీ నేదంది.

శనివారం. పాటు.

పొద్దున్న తొట్టి మూత తీశాను. అమ్మతోలు అడుగున పరుపులా పరుచుకొని ఉండాలి. ఒక పక్కగా ఎగబాకి గోడ మీదుగా మూత అంచుదాకా వచ్చింది. ఆ పక్కన ఉన్నది రసాయనాల బీరువా. బీరువాని ఈడ్చి ఎదుటి మూలకి మార్చాను.

సాయంత్రం తలుపు వేసే ముందు మళ్ళీ తీసి చూశాను. అమ్మతోలు ఎదుటి గోడ ఎక్కుతోంది. దాని మీద రోమాలు లేవు, అయినా ఒళ్ళు జలదరించినప్పుడు లేచే బొడిపెలు వరసగా లేచి ఉన్నాయి. నాకూ లేచాయి. మూత వేసి దాని మీద బరువు పెట్టాను. పదేళ్ళుగా పని చేస్తున్న గదిలో భయపడటం ఇదే మొదలు.

ఆదివారం. పోటు.

సెలవు రోజైనా జోగినాయుడు గారు గదికొచ్చారు. చొక్కా చెమటకి తడిసి ఉంది. దాలమ్మ కూడా వెంట ఉంది. రేపటి పనికి డబ్బా తీసుకెళ్ళడానికి వచ్చింది.

"సంతకం పెట్టీ తల్లీ," అన్నారాయన. "మా అమ్మ తెల్లారగట్ల నుంచీ నీళ్ళ లైన్లో నిలబడి పడిపోయింది. ఊరు ఊరంతా గొంతెండి సస్తంది. వంకాయ రంగొచ్చింది కదా, ఇంకేటి నీ అనుమానం?"

"సెడ్డ సాక్షికీ అదే రంగొచ్చింది బాబూ. దొంగసాక్షి సెప్పిన కాయితం మీద సంతకం ఎలాగ పెట్టీది?"

"మరి నిజం సెప్పే సాక్షి ఎక్కడుంది?"

నాకు చిర్రెత్తుకొచ్చింది. ఎడమ చెయ్యి బల్ల మీద పెట్టి, ఎనిమిదో నంబరు చుక్క మోచేతి కింద వేసుకున్నాను. కొరివితో తల గోక్కోవడమే అది. తెలిసే చేశాను.

ముందు చల్లగా అనిపించింది. ఆ తర్వాత అమ్మా అని అరిచాను. నాయుడు గారు చెంబులో నీళ్ళన్నీ నా చేతి మీద కుమ్మరించారు. ఆయనకి ఆ నీళ్ళ విలువ తెలుసు, అయినా పోశారు. చుక్క పడ్డచోట తోలు తెల్లబడి, మధ్యలో గుంట పడింది. మంట ఎముక దాకా పోయింది. ఇది భుజాల దాకా పూసుకోమని ఆడపిల్లలకి చెప్పబోయాం. నాకు ఏడుపొచ్చింది.

"మరయితే ఆ తోలెందుకు సావనేదు?" అన్నారు నాయుడు గారు నెమ్మదిగా.

జవాబు చెప్పింది దాలమ్మ.

"సచ్చినోళ్ళని పొయ్యిలో ఎట్టేరు. ఓర్సుకున్నోళ్ళని పుట్టింటికి పంపేరు. పుట్టింట్లో ఉన్నోళ్ళకి ఆళ్ళు ఏటి నేర్పుతారప్పా? ఓర్సుకోడమే నేర్పుతారు."

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. దొంగతనం మా జాలిదే. ఇన్నేళ్ళుగా మండిందని చెప్పినవాటిని కాల్చేశాం, నోరు మూసుకున్నవాటిని పెంచాం. సన్యాసమ్మ పెద్దమ్మా నేనూ కలిసి, ఏం పోసినా బాగుందనే తోలుని తయారుచేశాం. తాగుబోతుకి చుక్క పడకపోతే చేతులు వణికినట్టు ఇప్పుడు దానికి మంట లేకపోతే బతకడం చేతకావడం లేదు. మంచినీళ్ళే దానికి విషం.

అప్పుడు నా చెల్లెలి వైపు చూశాను. కడుక్కోని చేతులు. గరిటె ముక్క. మోచేతి దాకా ఎక్కిన అతుకు.

"నీళ్ళు మండుతున్నాయా నీకు?" అన్నాను.

అది తల దించుకొంది. "నువ్వు ఆళ్ళ కాళ్ళట్టుకొని తెచ్చిన తోలప్పా. మండుతందని ఎలాగ సెప్పీది?"

సంతకం పెట్టలేదు. నాయుడు గారు మళ్ళీ అడగలేదు.

మంగళవారం. పాటు.

పైనుంచి ఉత్తర్వు వచ్చింది. అమ్మతొట్టి ఖాళీ చెయ్యాలి. ముందు తోలుని చంపి, తర్వాత గీకి పొయ్యిలో వెయ్యాలి. పైవాళ్ళు పంపిన మందు పోశాం. అది ఇంకా నిగనిగలాడింది. క్షారం పోశాం. హాయిగా పరుచుకొంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

చివరికి నాయుడు గారు తన వీధి నీళ్ళ బండిని గదికి మళ్ళించారు. వీధివాళ్ళు ఆయన్ని ఏమన్నారో నేనిక్కడ రాయను.

గొట్టం తొట్టిలో పెట్టబోతుంటే దాలమ్మ రవిక చేతులు పైకి మడిచింది.

"ఇది ఒక్కర్తీ ఎలాగ పోతాదప్పా? నా సేతులూ దీని పిల్లలే కదా. అవీ ఇందులోనే పోనీ."

"నీకు పిచ్చా? ఆ తోలు పోతే అడుగున ఏముంటాదో ఎవరికి తెలుసు? సేతులే పోతే?"

"ఈ తోలు మోసేయి దాటితే అప్పుడేటి సేత్తావు?" అంది.

భయపడుతూనే గొట్టం తొట్టిలో పెట్టాను. నీళ్ళు వదిలాను.

దాలమ్మ మోచేతుల దాకా ముంచింది. తొట్టి నిండా ఒక్కసారి బొడిపెలు లేచాయి. అమ్మతోలు గోడలనుంచి ఊడి, ముడుచుకుంటూ, నీళ్ళు లేని చోటు వెతుకుతూ తిరిగింది. అలాంటి చోటు లేదు. చివరికి దాలమ్మ చేతుల చుట్టూ చేరి చుట్టుకుంది. చంటిపిల్ల కొంగు పట్టుకున్నట్టే పట్టుకుంది. దాలమ్మ చేతులు వెనక్కి తియ్యలేదు. పెదవి కొరుక్కొని నిలబడింది.

"సెప్పవే," అని అరిచాను. "నా మీదొట్టు, సెప్పు."

"మండుతందప్పా," అంది. ఆ తర్వాత గది కప్పు ఎగిరిపోయేలా అరిచింది. "మండుతందే అప్పా, అమ్మోయ్, మండుతందే!"

దాన్ని వెనకనుంచి వాటేసుకొని నేనూ ఏడ్చాను. నీళ్ళు ఆపలేదు. అమ్మతోలు కదలడం మానేసేదాకా పోస్తూనే ఉన్నాం. అప్పుడు చుట్టుకున్న తోలుని దాలమ్మ వేళ్ళనుంచి ఒక్కొక్కటిగా విప్పాను. వెచ్చదనం చాలాసేపటిదాకా పోలేదు.

ఆదివారం. పోటు. తొట్టి కడిగాక చాలా రోజులకి.

కొత్త అమ్మతొట్టిలో ఉన్నది నా తొడ తోలు. ఇవాళ మొదటి అట్లు పరీక్షించాను. మంచి సాక్షి వంకాయ రంగు. చెడ్డ సాక్షి పసుప్పచ్చ. చచ్చిందని రాస్తూ ఇంత సంతోషపడతాననుకోలేదు. రెండు సగాలనీ పొయ్యిలో వేశాను, బతికినదాన్ని కూడా. ఎనిమిదో నంబరుని వెనక్కి పంపేశారు. గారని చేతులతో కాకుండా పొడుగు కర్రలతో గోకుతున్నారు. ఆలస్యమవుతోంది, జనం తిడుతున్నారు. తిట్టుకోనీ.

దాలమ్మ చేతుల అతుకు కొద్దికొద్దిగా ఊడుతూ వచ్చి, పోయిన వారం పూర్తిగా ఊడిపోయింది. ఆ రోజు నేను గదిలో ఉన్నాను, చూడలేదు. అడుగున గులాబీ రంగులో పలచటి తోలు, దాని సొంత తోలు, ఎప్పటినుంచో పెరుగుతూ ఉంది. డాక్టరు నమ్మలేకపోయాడు. నేను మొక్కుకున్న మొక్కులన్నీ తీర్చాలంటే ఈ జన్మ చాలదు.

మధ్యాహ్నం ఇద్దరం కలిసి తిన్నాం. చెంబులో నీళ్ళతో చేతులు కడుక్కొంది. పండుమిరప పచ్చడి అన్నంలో వేసుకొని రెండేళ్ళ తర్వాత చేత్తో కలిపింది. కలిపీ కలపగానే చెయ్యి విదిలించింది.

"ఓలమ్మో, మండుతందప్పా!"

"మండనీయే," అన్నాను. "పచ్చడన్నాక మండదేటి?"

పడీపడీ నవ్వాం. అది నోట్లో ముద్ద పెట్టుకున్నాక, మాటవరసకి అడిగాను, ఊడిన తోలు పొయ్యిలో వేశావా అని. నిజానికి దాన్ని నాకే ఇవ్వాలి, నేనే వెయ్యాలి.

అది నమలడం ఆపింది.

"కాల్సబుద్ధి కానేదప్పా. రెండు సేతులూ సేతుల్లాగే ఉన్నాయి, వేళ్ళతో సహా. నన్ను రెండేళ్ళు సాకినాయి కదా. పుట్టింటికి పంపీసేను."

"పుట్టిల్లెక్కడుందే ఇంకా? పాత తొట్టి నేదు కదా?"

"గొట్టాల కాలవలో వదిలీసేను."

ఇన్నేళ్ళు గొట్టాలు కడిగిన ఏడో నంబరంతా సముద్రానికి పోయేది ఆ కాలవలోనే. ఊరి కిందనుంచి కట్టదాకా పోతుంది. దానిలో ఇప్పటికీ మంచినీటి చుక్క పడదు.

అన్నం వదిలేసి వెళ్ళాను. మా వీధి చివర కాలవకి ఇనప మూత ఉంది. ఇవాళంతా మబ్బు, పొద్దుట్నుంచీ చలిగాలి. వంగి, మూత మీద అరచెయ్యి వేసి చూశాను.

వెచ్చగా ఉంది.